మఱవని భాండాగారము, మార్చవలసిన తాళపుచెవి

మొన్నటి కార్తికములో ఒక శనివారము రాత్రి, భోజనము ముగించి చేయి కడుగుకొనుచుండగా మా మేనల్లుడు ఫోను చేసెను. వాడు పగలంతయు ఒక కంపెనీలో ఉద్యోగము చేయుచు, రాత్రివేళల కూకట్‌పల్లిలోని తన అద్దెగదిలో ఇద్దఱు మిత్రులతో కూడి సొంతముగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వ్రాయుచున్నాడు. గురువారము రాత్రి, నిద్రమత్తులోనో తొందరపాటుననో, అద్దె సర్వర్లను నడపుటకు ఆధారమైన రహస్యాక్షరమాలికను, అనగా వారి పరిభాషలో ‘కీ’ని, ప్రోగ్రాములోనే ఒక పంక్తిగా వ్రాసి, దానిని లోకమంతయు చూడగల కోడు భాండాగారమైన రెపోలోనికి పుష్ చేసెను, అనగా ఎక్కించెను. పావుగంటలో తప్పు తెలిసికొని, ఆ పంక్తిని చెఱిపి, చెఱిపిన ప్రతిని మఱల పుష్ చేసి, నిశ్చింతగా నిద్రించెను. తెల్లవారునప్పటికి వాని ఖాతాపై ఎచ్చటనో ఖండాంతరములలో పదుల కొలది యంత్రములు ఎవరికొఱకో ఎడతెగక పనిచేయుచుండెను. బిల్లు వాని రెండునెలల జీతమును దాటెను.

“తీసేశాను కదా మామయ్యా! పావుగంటలో తీసేశాను. ఇప్పుడు ఆ ఫైలు తెరిచి చూడు, ఎక్కడా లేదు,” అని వాడు ఏడుపు గొంతుతో పలికెను.

“ఫైల్లో లేదురా. రెపోలో ఉంది,” అంటిని.

ఈ రెండు చిన్న వాక్యముల నడుమనున్న అంతరమే నేటి కథనమునకు వస్తువు. ముప్పది యేండ్లుగా ఈ వృత్తిలో బ్రతికిన నాకు నానాటికి దృఢపడుచు వచ్చిన అభిప్రాయ మొకటి కలదు: ప్రోగ్రాములు వ్రాయువారు నిత్యము చేతబట్టు రెండు సాధనములకు, కోడు దాచు భాండాగారమునకును దాని ద్వారము తెఱచు తాళపుచెవికిని, స్వభావసిద్ధమైన వైరము కలదు. మొదటిదాని గుణము ఏదియు మఱవకుండుట. రెండవదాని గుణము ఎవ్వరికిని తెలియకుండుట, తెలిసిన మఱుక్షణమే మారిపోవుట. ఒకటి శాశ్వతత్వమునకై పుట్టినది; మఱియొకటి అశాశ్వతమైనప్పుడే ఉపకరించునది. ఈ రెండింటిని ఒకే పెట్టెలో వైచి మూత బిగించుటనుండియే ఈ రంగములోని ఉపద్రవములు పెక్కు పుట్టుచున్నవి.

కుఱ్ఱవాండ్రు ‘రెపో’ అని ముద్దుగా పిలుచు ఈ రిపాజిటరీ యనునది వట్టి గోదాము కాదు. గోదాములో నిన్నటి సరుకు పోయి నేటి సరుకు వచ్చును; ఇందులో నిన్నటిది నేటిదాని క్రింద పదిలముగా ఉండును. తెలుగువారికి ఇది మఱియొక పోలికతో సులభముగా బోధపడగలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో బంగళా కొని, సొంత వ్యయముతో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు తాళపత్రప్రతులు తెప్పించి, పాఠాంతరములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి మన మెఱిగినదే. ఏ ప్రతిలో ఏ పాఠము కలదు, ఏది లేఖకప్రమాదము, ఏది ఎవరో తరువాత చొప్పించిన ప్రక్షిప్తము అను విచారణ ఆ పండితులకు పగటిపని. అట్టి పరిష్కర్త యొకడు కావ్యము వ్రాయబడుచున్న కాలముననే కవి ప్రక్కన కూర్చుండి, కవి కొట్టివేసిన ప్రతి పదమును, కొట్టివేసిన తేదీని, కారణమును సైతము ఒక గ్రంథమున ఎక్కించుచు పోయినచో ఎట్లుండునో, రెపో అట్టిది. ఎక్కించిన ఒక్కొక్క మార్పునకు కమిట్ అనియు, మూలమునుండి చీలి వేఱుగా నడచు పాఠమునకు బ్రాంచ్ అనియు, చీలిన పాఠములను మఱల కలుపుటకు మెర్జ్ అనియు పేరులు. బ్రౌను పండితులకు ఈ మాటలు తెలియవు; పని మాత్రము క్షుణ్ణముగా తెలియును.

ఈ పద్ధతి 1972లో బెల్ లాబ్స్‌లో మార్క్ రోచ్‌కిండ్ చేతిలో ఆరంభమైనది. తరువాతి ముప్పదియేండ్లలో వచ్చిన ఆర్‌సీఎస్, సీవీఎస్, సబ్‌వర్షన్‌ల వంశవృక్షమును విప్పి పాఠకులను విసిగింపను. కాని సీవీఎస్‌ను తలచినప్పుడు ఒక దొంగతనపు యత్నము జ్ఞప్తికి వచ్చుచున్నది. దానిని చెప్పక ముందునకు పోవుటకు మనసొప్పదు.

2003 నవంబరు మాట. లైనక్స్ అను నిర్వహణవ్యవస్థకు గుండెయైన కెర్నెల్ యొక్క మూలప్రతి అప్పుడు బిట్‌కీపర్ అను వ్యవస్థలో ఉండెడిది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదను కారణమున దానిని ముట్టనొల్లనివారి సౌకర్యార్థము, అదే కోడునకు సీవీఎస్‌లో ఒక ఛాయాప్రతిని నడపుచుండిరి. ఒకనాడు ఆ ఛాయాప్రతిలో, మూలప్రతిలో లేని మార్పొకటి కనబడెను. అది రెండు పంక్తులు మాత్రమే. పైకి చూచినచో అది ఒక సాధారణమైన పరీక్ష: ఫలానా రెండు సంకేతములు కలిసి వచ్చి, అడిగినవాని సంఖ్య సున్న అయినచో తప్పని చెప్పి పంపివేయుము అని. సున్న యనగా ఆ యంత్రమునకు సర్వాధికారి. ఇక్కడ సూక్ష్మము గమనింపవలయును. సీ భాషలో “సమానమా?” అని ప్రశ్నించుటకు == అని రెండు సమానచిహ్నములు వ్రాయవలయును; ఒక్కటే = వ్రాసినచో అది ప్రశ్న కాక ఆజ్ఞ యగును. దొంగ అక్కడ ఒక్కటే వ్రాసెను. కనుక ఆ పంక్తి “నీ సంఖ్య సున్నయా?” అని అడుగుటలేదు, “నీ సంఖ్య సున్న అగుగాక” అని వరమిచ్చుచున్నది! ఆ రహస్యసంకేతములు తెలిసి అడిగిన ఏ సామాన్యుడైనను తత్‌క్షణమే సర్వాధికారి యగును. వేయికన్నులతో చదివినను ముద్రారాక్షసమనుకొని దాటిపోవునంతటి చిన్న గీత. కాదు, లేని గీత. దానిని పట్టుకొన్నది కోడును చదివినవారు కారు. ఆ మార్పునకు మూలప్రతిలో ఆమోదముద్ర లేదని, రెండు ప్రతులను పోల్చి గ్రహించినవారు. ప్రక్షిప్తమును పట్టుకొనుటకు కవిత్వజ్ఞానముకన్న ప్రతులను పోల్చు ఓపికయే ఎక్కువ అక్కఱకు వచ్చునని బ్రౌను పండితులు ఎఱిగియే యుందురు. ఆ దొంగపని చేసినవాడెవడో లోకమునకు తెలియలేదు.

ఏడాదిన్నర గడచునప్పటికి బిట్‌కీపర్ యజమానులకును లైనక్స్‌వారికిని చెడినది. ఉచితముగా వాడుకొను అనుమతి రద్దయ్యెను. 2005 ఏప్రిల్ ఆరంభమున లైనక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ పనిని ప్రక్కన పెట్టి కూర్చుండి, కొలది దినములలోనే గిట్ అను కొత్త వ్యవస్థను నిలబెట్టెను. ఏప్రిల్ 7వ తేదీకి గిట్ తన కోడును తానే దాచుకొనగలిగినది. బ్రిటన్ వాడుకలో గిట్ అనగా మూర్ఖుడని, మొండివాడని తిట్టు. తాను అహంభావినని, అన్నిటికిని తన పేరే పెట్టుకొందునని ఆయన పరిహాసమాడెను. ఆ యేటి జూలైలో దానిని జునియో హమానోకు అప్పగించి ఆయన తన కెర్నెల్‌కు తిరిగిపోయెను. హమానో నాటినుండి దానిని కాపాడుచునే యున్నాడు. పుట్టించినవాని పేరు ఊరంతయు మ్రోగుచుండగా, పెంచినవాని పేరు ఇంటివారికి మాత్రమే తెలియుట మన పురాణములనుండి వచ్చుచున్న ఆచారమే కదా.

గిట్ చేసిన ముఖ్యమైన పని యేమనగా, దాచిన ప్రతి వస్తువునకును దాని సారమునుండియే ఒక పేరు పెట్టుట. ఫైలులోని అక్షరములన్నిటిని ఒక గణితయంత్రములో వైచి పిండినచో 40 చిహ్నముల మాలిక యొకటి వచ్చును. దానికి హాష్ అని పేరు. ఫైలులో ఒక్క కామా మారినను ఆ నలువదియు తాఱుమాఱగును. ఒక్కొక్క కమిట్ తన హాష్‌లో తన తండ్రి హాష్‌ను ఇముడ్చుకొనును; ఆ తండ్రి తన తండ్రిదానిని. కనుక పదేండ్ల క్రిందటి పంక్తి నొకదానిని రహస్యముగా మార్చదలచినవాడు నాటినుండి నేటివఱకు వంశమంతటికిని పేరులు మార్చవలసివచ్చును. అంతటితో, ప్రపంచమంతట చెదరియున్న ప్రతులన్నియు ఆ అబద్ధమునకు ఎదురు సాక్ష్యమిచ్చును. ఏలయనగా గిట్‌లో క్లోన్ చేసికొన్న, అనగా నకలు తెచ్చుకొన్న, ప్రతివానియొద్దను చరిత్రయంతయు ఉండును. ఈ గణితమునకును బీట పడగలదని 2017లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు, గూగుల్‌వారు కలిసి, ఒకే హాష్ గల రెండు వేఱువేఱు పీడీఎఫ్‌లను పుట్టించి నిరూపించిరి. గిట్‌వారు అట్టి కృత్రిమములను కనిపెట్టు కావలి నొకదానిని చేర్చి, మఱింత బలమైన గణితమునకు దారి వేయుచున్నారు.

చూడుడు: మా మేనల్లుడు చెఱిపిన పంక్తి ఎచ్చటికిని పోలేదు. గురువారము రాత్రి పదకొండుగంటల కమిట్‌లో అది యథాతథముగా నిలిచియున్నది. ఆ తరువాతి కమిట్ “ఈ పంక్తి తీసివేయబడినది” అని దానికి దండోరా వేసినట్లయినది!

ఇక తాళపుచెవి మాట. పూర్వము దూరముననున్న కంప్యూటరులోనికి ప్రవేశింపదలచినవాడు తన పాస్‌వర్డును తీగమీదుగా పంపెడివాడు. అది మఱుగు లేకుండ పోయెడిది. వీథిలో నిలిచి “మా యింటి తాళపుచెవి ఫలానా పూలకుండీ క్రింద ఉన్నది” అని అఱచుటకును దీనికిని భేదము లేదు. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో ఎవరో పొంచియుండి అట్టి పాస్‌వర్డులను దొంగిలించిరి. అచ్చటనే పనిచేయుచున్న తాతు యిలోనెన్ అను పరిశోధకుడు దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ అను పద్ధతిని వ్రాసెను. దానికి ద్వారసంఖ్య కావలసివచ్చెను. పాత పద్ధతులైన ఎఫ్‌టీపీ 21లోను టెల్‌నెట్ 23లోను కాపురముండగా నడుమనున్న 22 ఖాళీగా కనబడెను. అడిగిన మాత్రమున ఇచ్చిరి. నేటికిని లోకములోని సర్వర్ల తలుపులు ఆ 22వ సంఖ్యతోనే తట్టబడుచున్నవి.

ఎస్‌ఎస్‌హెచ్‌కు ప్రాణమైన గణితము అంతకు దాదాపు ఇరువది యేండ్ల ముందటిది. 1976లో డిఫీ, హెల్‌మన్‌లు మార్గము చూపిరి; 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్‌లు ఆ మార్గమున రథము నడిపిరి. బ్రిటిష్ గూఢలేఖన సంస్థలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్, మాల్కమ్ విలియమ్‌సన్‌లు దీనిని అంతకు ముందే కనుగొనిరనియు, నోరు విప్పకుండుటే వారి ఉద్యోగధర్మమగుటచే 1997 వఱకు లోకమున కెఱుక కాలేదనియు తెలిసినప్పుడు, రహస్యమును కాపాడు విద్య తానే రహస్యముగా మ్రగ్గిపోయిన ఆ చిత్రమునకు నవ్వవలెనో వగవవలెనో తోచలేదు.

సారము మాత్రము సులభమైనది. చెవి లేకుండనే నొక్కినంతనే పడిపోవు కప్పతాళములు మన యిండ్లలో ఉండును కదా. అట్టి తాళములను వందలకొలది చేయించి ఊరంతయు పంచిపెట్టవచ్చును. ఏ తలుపునకైనను ఎవరైనను తగిలింపవచ్చును. తెఱచు చెవి మాత్రము మన అమ్మమ్మల కొంగుముడిని విడువరాదు. పంచిపెట్టు తాళము పబ్లిక్ కీ. కొంగుముడిలోనిది ప్రైవేట్ కీ. సర్వర్ ప్రతి పర్యాయము కొత్త సందర్భము కల్పించి “దీనిపై సంతకము చేసి చూపుము” అనును. మన యంత్రము ప్రైవేట్ కీతో సంతకము చేసి పంపును. సర్వర్ తనయొద్దనున్న పబ్లిక్ కీతో ఆ సంతకమును సరిచూచుకొనును. చెవి కొంగు దాటి రాదు. దారిలో పొంచియున్నవానికి దొరకునది ఒకనాటి సంతకము. మఱునాటికి అది చెల్లదు.

ఒక కీని దగ్గఱగా చూతము. ఇప్పటి వాడుకలోని ఈడీ25519 రకపు పబ్లిక్ కీ ఒకే పంక్తి: మొదట రకము పేరు, తరువాత 68 అక్షరముల మాలిక, చివర యజమాని తన గుఱుతుకై పెట్టుకొన్న మాట. పాత ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో 4096 బిట్ల కీ అయినచో ఆ మాలిక 716 అక్షరములకు సాగి తెరమీద పది పంక్తులు ఆక్రమించును. ఏ రకముదైనను మాలిక నాలుగు పెద్ద ‘ఏ’ అక్షరములతోనే ఆరంభమగును. కొత్తవారు తమ కీయే ఇట్లు వచ్చినదేమోయని కంగారుపడుట నేను చూచితిని. అది ముందు వచ్చు పేరు పొడవును తెలుపు సంఖ్యలోని సున్నల రూపము, భయపడనక్కఱలేదు. భయపడవలసినది ప్రైవేట్ కీ ఫైలు విషయమున. దానిని యజమాని తప్ప మఱియెవ్వరును చదువజాలకుండ అనుమతులు బిగింపవలయును. 600 అను సంఖ్య యిచ్చుట అందుకే. బిగింపనిచో ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని ముట్టుకొనదు. తెరనిండ ‘ఎట్’ చిహ్నముల ప్రాకారము కట్టి, నడుమ పెద్ద అక్షరములతో ఈ కీకి రక్షణ లేదని కేకవేసి, పని మానుకొని కూర్చుండును. ఇంత నిక్కచ్చిగా మందలించు పరికరము మఱియొకటి నా అనుభవములో లేదు.

ఇంతటి తాళమునకును కమ్మరి కొలిమియొద్దనే దోషము సంభవింపవచ్చును. 2006లో డెబియన్ అను లైనక్స్ పంపకపు సంరక్షకులలో ఒకరు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను గూఢలేఖన కోడును పరీక్షించు ఉపకరణము ఏదో హెచ్చరిక చూపుచున్నదని, ఒకటి రెండు పంక్తులను సదుద్దేశముతోనే తొలగించిరి. కీ పుట్టునప్పుడు దానికి కావలసిన యాదృచ్ఛికతను సమకూర్చు పంక్తులవియే యని ఎవరికిని తట్టలేదు. నాటినుండి 2008 మే 13న ఆ దోషము వెల్లడియగు వఱకు, అట్టి యంత్రములమీద పుట్టిన కీలన్నిటికిని మిగిలిన యాదృచ్ఛికత ఆ క్షణమున నడచుచున్న ప్రోగ్రాము క్రమసంఖ్య యొక్కటే. అది ముప్పదిరెండువేల ఏడువందల చిల్లరకు మించదు. విశ్వమంత విశాలమైన రాశిలోనుండి ఏరుకొనవలసిన సంఖ్యను ఒక మండలపు వోటర్ల జాబితాలోనుండి ఏరుకొన్నట్లయినది. దొంగ ఆ కీలన్నిటిని ముందే చేసి గుత్తికి గ్రుచ్చుకొని ఒక్కొక్కటిగా పెట్టి చూచిన చాలును. ఆ మార్పు చరిత్రలో నమోదై, ఎవరైనను చూడదగునట్లు, ఇరువది నెలలు అందఱి కన్నుల యెదుటనే యుండెను. భాండాగారము మఱవదు నిజమే. కాని మనము చదివిననే కదా దాని జ్ఞాపకము మనకు దక్కుట.

గణితము చెడుట అరుదు. చెవిని భాండాగారములోనే పాఱవైచుట నిత్యకృత్యము. 2016లో ఉబర్ సంస్థయొక్క ప్రైవేట్ రెపోలోనికి చొఱబడినవారికి అచ్చట అమెజాన్ సర్వర్ల కీ దొరకెను. దానితో 5 కోట్ల 70 లక్షలమంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరములు వారి వశమయ్యెను. మౌనముగా ఉండుటకై సంస్థ వారికి లక్ష డాలర్లిచ్చెను. ఆ సంగతి ఏడాదికి గాని బయటపడలేదు. టొయోటా కథ ఇంతకన్న మందగమనముది. కారును ఫోనుతో అనుసంధించు సేవకు కోడు వ్రాసిన ఉపకాంట్రాక్టరు దానిలో కొంత భాగమును 2017 డిసెంబరులో పొరపాటున పబ్లిక్ రెపోలో పెట్టెను. అందులో సర్వర్ కీ యొకటి ఉండెను. 2022 సెప్టెంబరు వఱకు దానిని గమనించినవారు లేరు. దాదాపు ఐదేండ్లు తాళపుచెవి గుమ్మమునకే వ్రేలాడుచుండెను; 2,96,019 మంది వినియోగదారులకు క్షమాపణ చెప్పవలసివచ్చెను. ప్రైవేట్ రెపో కదా, మనవాండ్రే కదా అని ఊఱడిల్లువారికి మొదటి కథ చాలును. చిన్న కోడులో ఏమున్నదిలే యనువారికి రెండవది.

అన్నిటికన్న నన్ను కలచినది కోడ్ స్పేసెస్ పతనము. ఇతరుల రెపోలను భద్రపఱచుటయే ఆ సంస్థకు వ్యాపారము. 2014 జూన్‌లో ఒకడు వారి అమెజాన్ నియంత్రణ ఫలకములో ప్రవేశించి ధనమడిగెను. వారు పాస్‌వర్డులు మార్చబోయిరి. వాడు ముందే చేసి ఉంచుకొన్న మాఱుప్రవేశములతో వచ్చి, సర్వర్లను, దాచిన ప్రతులను, ప్రతులకు ప్రతులను తుడిచివేసెను. బ్యాకప్‌లును అదే ఖాతాలో, అదే తాళము క్రింద ఉండెను. పండ్రెండు గంటలలో అంతయు ముగిసెను. సంస్థ తలుపు మూసికొనెను. ఆ వార్త చదివిన సాయంకాలము నేను లేచి, మా ఆఫీసులోని బ్యాకప్‌లు ఎవరి తాళము క్రింద నున్నవో విచారించి వచ్చితిని. ఏమి కనుగొంటినో ఇచ్చట వ్రాయను.

పెద్దలకును చెవి బయటపడుట తప్పలేదు. ప్రపంచములో కెల్ల పెద్ద కోడు భాండాగారమైన గిట్‌హబ్, 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొనిన సంస్థ, 2021 ఆగస్టు 13 నుండి గిట్ పనులకు పాస్‌వర్డును అంగీకరింపనని, కీయో, టోకెన్ అను ప్రవేశచీటియో తెచ్చుకొనుడని కట్టుదిట్టము చేసినది. అట్టి గిట్‌హబ్ 2023 మార్చి 24న తన సొంత ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీని, తాను తానేయని లోకమునకు నిరూపించుకొను కీని, మార్చివేయవలసివచ్చెను. కారణము: అది కొద్దిసేపు ఒక పబ్లిక్ రెపోలో బయటపడినది! ఆనాడు వేలకొలది ప్రోగ్రామర్ల తెరలమీద “ఎదుటివాని గుఱుతు మారినది, ఎవడో నడుమ దూరియుండవచ్చును” అని హెచ్చరిక వెలసినది. కాని ఆ సంస్థ చేసిన పని యథార్థముగా సరియైనది. కొద్దిసేపే కదా, ఎవరును చూచియుండరులే యని సరిపెట్టుకొనలేదు; చరిత్రను తుడిచి మౌనము వహింపలేదు; బయటపడిన చెవి చెవి కాదని ఒప్పుకొని కొత్త తాళము వేసికొన్నది.

మా మేనల్లునికి నేను ఆ రాత్రి చెప్పినదియు అదియే. వాడు అప్పటికే ఫిల్టర్‌-రెపో అను సాధనముతో చరిత్రను తిరిగి వ్రాయబూనియుండెను. ఆ పని తరువాత చేసికొనవచ్చును. ముందు ఆ కీని చంపవలయును. ఏలయనగా పబ్లిక్ రెపోలలో కొత్తగా పడిన ప్రతి అక్షరమును రేయింబవళ్లు జల్లెడపట్టు యంత్రములు లోకమున కలవు. వాటిలో కొన్ని దొంగలవి, కొన్ని కావలివారివి. కావలివారి పని సులభమగుటకే గిట్‌హబ్ తన టోకెన్లకు 2021 నుండి నిర్ణీతమైన అక్షరములను ముందు చేర్చుచున్నది, పోలీసువారు ఆనవాలుకొఱకు నోట్లకు గుఱుతు పెట్టినట్లు. ఏ యంత్రము ముందు చూచునో ఎవరు చెప్పగలరు? పావుగంట వాటికి చాల యెక్కువ.

ఇక నిర్వహణము. పెద్ద కంపెనీలలో సైతము నేను చూచిన సామాన్యమైన జబ్బు ఒకే చెవిని పదిమంది పంచుకొనుట. దానిని వాట్సాప్‌లో పంపుకొందురు. వెళ్లిపోయిన ఉద్యోగి ఫోనులో అది మిగిలియుండును. మార్చుదమన్నచో ఏయే తలుపులకు అది పట్టునో ఎవరికిని తెలియదు కనుక మార్చుటకు జంకుదురు. జంకు ముదిరి సంప్రదాయమగును. మనిషికొకటి, యంత్రమునకొకటి కీ ఉండవలెననుట లెక్కలు పెంచుటకు కాదు. ఒకదానిని రద్దుచేసినప్పుడు తక్కినవి నిర్విఘ్నముగా నడచుటకు. ఒకే రెపోను చదువుటకు వచ్చు సర్వర్‌నకు ఆ రెపో మాత్రమే తెఱచు డిప్లాయ్ కీ ఇచ్చిన చాలును. వంటవానికి వంటయింటి చెవి యిత్తుము గాని ఇనుపబీరువా చెవి యీయము కదా. ప్రైవేట్ కీకి పైన మఱియొక రహస్యవాక్యము, పాస్‌ఫ్రేజ్, పెట్టుట బద్ధకముతో మానుదురు. ల్యాప్‌టాప్ రైలులో పోయిననాడు ఆ బద్ధకము విలువ తెలియును. 2020 నుండి ఎస్‌ఎస్‌హెచ్ రూపమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ చిన్న యంత్రపు ముక్కలలో దాచు కీలను కూడ అంగీకరించుచున్నది. వ్రేలితో తాకిననే గాని అవి సంతకము చేయవు. ఖర్చు అధికమని గొణుగుకొనుచునే నేనొకటి కొంటిని.

అన్ని చెవులు భద్రముగా ఉన్నను చెవులు గలవాడే దొంగయైనచో? 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశమునకు ఏల అరసెకను ఎక్కువ పట్టుచున్నదాయని విసుగుతో తీగ లాగగా, ఎక్స్‌జెడ్ అను చిన్న కుదింపు సాధనములో దాచిన దొంగద్వారము బయల్పడినది. జియా టాన్ అను పేరుతో ఒకరు రెండుమూడేండ్లు ఓపికగా సేవచేసి, అలసిన పాత సంరక్షకుని నమ్మకము సంపాదించి, సహసంరక్షకత్వము పొంది ఈ పని చేసిరి. ఆ ద్వారమును మేల్కొల్పు ముఖ్యమైన పంక్తులు గిట్ చరిత్రలో లేవు; విడుదలకై కట్టిన మూటలో మాత్రమే ఉంచిరి. భాండాగారము మఱవదని ఎఱిగినవాడు కనుకనే దానికి చెప్పలేదు! అంతకన్న చిత్రము: ఆ దొంగద్వారమును దొంగ తన సొంత పబ్లిక్ కీతో బిగించెను, తత్సంబంధమైన ప్రైవేట్ కీ గలవాడు తప్ప మఱియొక దొంగ అందులో దూరజాలడు. ఆ కీని మాత్రము ఆయన ఏ రెపోలోను పాఱవైచుకొనలేదు.

అంతటి జాగ్రత్త లేనివారి మాట వేఱు. 2020 ఫిబ్రవరి 2న గిట్‌హబ్‌లో చురుకుగా ఉన్న పబ్లిక్ రెపోలను 186 ఫిల్ము చుట్టలమీద ముద్రించి, ఉత్తరధ్రువమునకు చేరువనున్న స్వాల్‌బార్డ్ దీవులలో పాడుపడిన బొగ్గుగనిలో, వేయేండ్లు నిలుచునట్లు, 250 మీటర్ల లోతున దాచిరి. ఆ మంచుక్రింద ఎందఱి కీలు తెలియక చేరియున్నవో!

ఆదివారము మధ్యాహ్నము నేను కూకట్‌పల్లి గదికి పోయితిని. ఫోనులో మా చెల్లెలు “అన్నయ్యా, వాడు నిన్నటినుంచి తిండి తినలేదు, కాస్త చూడు” అని చెప్పియుండెను. పాత కీ చచ్చినది. సర్వర్లు అద్దెకిచ్చినవారికి వినతి పంపియుండిరి. బిల్లు సంగతి తేలలేదు. వాడు కొత్త కీ చేయుటకు ఆజ్ఞ కొట్టెను. పాస్‌ఫ్రేజ్ అడుగగా, ఎప్పటివలె ఖాళీగా వదలబోయి, నా వంక చూచి, టైపు చేయనారంభించెను. తెరమీద ఒక్క చుక్కయైనను కనబడలేదు. ఎస్‌ఎస్‌హెచ్ నక్షత్రములను సైతము చూపదు, పొడవు తెలిసిపోవునని. నేను మర్యాదకు కిటికీ వైపు తిరిగితిని. మీటల చప్పుడు మాత్రము చాలసేపు వినబడెను.